రీమాన్యుఫాక్చర్డ్ కాట్రిడ్జ్‌తో నిజంగా డబ్బు మిగులుతుందా, ప్రింటరే పోతుందా?

#1 కాగితాల_కట్ట | సోమవారం, ఉదయం 10.15

అందరికీ నమస్కారం. మాది చిన్న ఆడిట్ ఆఫీసు. స్టేషనరీ కొనే బాధ్యత నాది. రెండు ప్రింటర్లున్నాయి. ఒకటి పాత బ్లాక్ అండ్ వైట్ లేజర్, 12ఏ కాట్రిడ్జ్ పడుతుంది. దీని మీద నెలకు 1500 పేజీల దాకా కొడతాం. రెండోది కలర్ ఇంక్‌జెట్. దాని మీద నెలకు 20 పేజీలు కూడా పడవు, కానీ ఎప్పుడు చూసినా ఇంక్ అయిపోయిందనే అంటుంది.

ఇన్నాళ్లూ ఒరిజినల్ కాట్రిడ్జ్‌లే కొన్నాం. మొన్న మా సార్ బిల్లులు చూసి "కాట్రిడ్జ్ ఖర్చు సగానికి రావాలి" అన్నారు. ఎలా రావాలో మాత్రం చెప్పలేదు.

విచారిస్తే మూడు మాటలు వినిపించాయి: రీఫిల్, కంపాటిబుల్, రీమాన్యుఫాక్చర్డ్. మూడూ ఒకటేనా? ఏది తీసుకోవాలి? ప్రింటర్ పాడైతే మళ్లీ నా మెడకే చుట్టుకుంటుంది, అదీ నా టెన్షన్.

#2 ఒరిజినల్_ఒక్కటే | సోమవారం, ఉదయం 10.52

ఒకటే మాట చెప్తానండీ. వద్దు.

రెండేళ్ల క్రితం నేనూ ఇలాగే పొదుపు చేద్దామని చౌకది ఒకటి వేశాను. మొదటి వంద పేజీలు బాగానే వచ్చాయి. తర్వాత పేజీ అంతా బూడిద రంగు పొగ పట్టినట్టు వచ్చింది. మూత తీసి చూస్తే లోపలంతా నల్లటి పొడి. తడిగుడ్డతో తుడిస్తే పోతుందని వేడినీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచాను. అది కాస్తా జిడ్డులా అతుక్కుని కూర్చుంది. సర్వీసు వాడి దగ్గరకి తీసుకెళ్తే, వాడు ప్రింటర్ కంటే ముందు నన్ను చూసి నవ్వాడు.

ఒరిజినల్ వేసుకోండి, రాత్రి నిద్ర పడుతుంది.

#3 డ్రమ్మన్న | సోమవారం, మధ్యాహ్నం 1.30

పై అన్నకి జరిగింది నిజమే, నేను రోజూ చూసేదే. కానీ అది రీమాన్యుఫాక్చర్డ్ కాట్రిడ్జ్ అయ్యుండదు. పద్నాలుగేళ్లుగా నా పని కాట్రిడ్జ్‌లు విప్పి బిగించడమే కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మేడం, మీరన్న మూడు మాటలూ ఒకటి కాదు.

రీఫిల్ అంటే ఖాళీ డబ్బాలో పౌడర్ పోయడం. చాలామంది కాట్రిడ్జ్‌కి ఓ కన్నం పెట్టి, గరాటుతో పోసి, పైన టేప్ అంటించి ఇచ్చేస్తారు. పది నిమిషాల పని. కంపాటిబుల్ అంటే వేరే కంపెనీ మొదటి నుంచీ కొత్తగా తయారు చేసినది, డబ్బా కూడా వాళ్లదే. రీమాన్యుఫాక్చర్డ్ అంటే ఒకసారి వాడేసిన ఒరిజినల్ డబ్బానే పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, అరిగిన భాగాలు మార్చి, పౌడర్ నింపి, ప్రింట్ తీసి చూసి మళ్లీ అమ్మేది. ఇవి కాక నాలుగోది డూప్లికేట్, అంటే ఒరిజినల్ పెట్టెలో పెట్టి ఒరిజినల్ ధరకే అంటగట్టే నకిలీ సరుకు. దాని జోలికి పోకండి.

ఇప్పుడు 12ఏ లోపల ఏముంటుందో చూద్దాం. పక్కన పిన్నులు తీస్తే అది రెండు ముక్కలుగా విడిపోతుంది. ఒక ముక్కలో కొత్త పౌడర్ తొట్టి, దాని ముందు మ్యాగ్నెటిక్ రోలర్, ఆ రోలర్ మీద పౌడర్‌ని పలుచటి పొరగా సర్దే డాక్టర్ బ్లేడ్ ఉంటాయి. రెండో ముక్కలో డ్రమ్ (అక్షరాల బొమ్మ ముందు ఈ గొట్టం మీదే ఏర్పడి, పౌడర్ అక్కడి నుంచే కాగితం మీదకి వెళ్తుంది), డ్రమ్‌కి చార్జ్ ఇచ్చే రోలర్ (మేం పీసీఆర్ అంటాం), డ్రమ్‌ని గోకి శుభ్రం చేసే వైపర్ బ్లేడ్, ఆ గోకిన చెత్త పడే వేస్ట్ తొట్టి.

అసలు కిటుకంతా ఈ వేస్ట్ తొట్టిలోనే ఉంది. డ్రమ్ మీది పౌడర్ మొత్తం కాగితం మీదకి వెళ్లదు. మిగిలిన కాస్తని బ్లేడ్ గీకి ఈ తొట్టిలో పడేస్తుంది. కన్నం పెట్టి పౌడర్ పోసేవాడు ఆ తొట్టిని విప్పడు. ఒకసారి పోశాడు, రెండోసారి పోశాడు, మూడోసారికి తొట్టి నిండి చెత్త పొడి బయటికి కారుతుంది. పై అన్న ప్రింటర్లో కారింది బహుశా ఈ చెత్త పొడే.

వైపర్ బ్లేడ్ అంచు కూడా అంతే. అది రబ్బరు లాంటి మెత్తటి పట్టీ. ఆ అంచున గోటితో తడిమినా తెలియనంత చిన్న గంటు పడితే చాలు, ప్రతి పేజీ మీదా పై నుంచి కింది దాకా దారం లాంటి నల్ల గీత వచ్చేస్తుంది. సరిగ్గా పని చేసేవాడు డ్రమ్, వైపర్ బ్లేడ్ మారుస్తాడు. పీసీఆర్‌ని చూసి, అవసరమైతే మారుస్తాడు. వేస్ట్ తొట్టి ఖాళీ చేస్తాడు. కొత్త బ్లేడ్, కొత్త డ్రమ్ ఒకదానికొకటి ఎండుగా రాసుకుంటే బ్లేడ్ మడత పడిపోతుంది, అందుకని ముందే సన్నటి పొడి అద్దుతాడు. చివర్లో టెస్ట్ ప్రింట్ తీసి, వెలుతురు తగలకుండా నల్ల కవర్లో పెట్టి ఇస్తాడు.

రీమాన్యుఫాక్చర్డ్ అని పేరు పెట్టి అమ్మేవాళ్లంతా ఇవన్నీ చేస్తారా అంటే, చేయరు. చిక్కంతా అక్కడే.

వేడినీళ్ల సంగతి: టోనర్ అంటే సిరా కాదు, రంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. ప్రింటర్లో ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల వేడితో దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. వేడి తగిలితే అతుక్కోవడమే దాని గుణం. ఒలికితే పొడిగుడ్డ, బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అస్సలు పెట్టకండి. టోనర్ రేణువు 10 మైక్రాన్ల లోపే ఉంటుంది, మామూలు ఫిల్టర్ దాన్ని ఆపలేదు. వెనక నుంచి గదంతా చిమ్ముతుంది.

#4 ఒరిజినల్_ఒక్కటే | సోమవారం, మధ్యాహ్నం 2.05

అవునన్నా, దాని మీద టేప్ ఉంది! పసుపు రంగు టేప్. అది సీల్ అనుకున్నాను ఇన్నాళ్లూ.

#5 డ్రమ్మన్న | సోమవారం, మధ్యాహ్నం 2.11

సీలే. వాడు పెట్టిన కన్నానికి సీల్. 😄

#6 లెక్కల_మాస్టారు | సోమవారం, సాయంత్రం 6.40

కాట్రిడ్జ్ ధర చూసి కొనేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది పనికొచ్చే పేజీకి ఎంత పడిందన్నది. "పనికొచ్చే" అన్న మాటని మర్చిపోకండి.

ధరలు చోటుని బట్టి మారతాయి కాబట్టి ఒరిజినల్ ధరని 100 అనుకుందాం. 12ఏ కాట్రిడ్జ్ మీద కంపెనీ చెప్పే లెక్క 2000 పేజీలు. అంటే వెయ్యి పేజీలకు 50.

మంచి రీమాన్యుఫాక్చర్డ్ 45కి వచ్చిందనీ, అందులో పనికొచ్చే పేజీలు 1900 అనీ అనుకోండి. వెయ్యికి 23.7.

రీఫిల్ 15కి అయింది. 1200 పేజీలు వచ్చాయి, వాటిలో 100 మసకగానో మచ్చలతోనో చెడిపోయాయి. మిగిలినవి 1100. వెయ్యికి 13.6. అబ్బో, ఇదే చౌక కదా అనిపిస్తుంది. కానీ మూడు రీఫిల్స్‌కి ఒకసారి డ్రమ్, బ్లేడ్ మార్చక తప్పదనుకుని, దానికి 20 కలపండి. మూడు సార్లకీ కలిపి 65 ఖర్చు, 3300 పేజీలు. వెయ్యికి 19.7.

అంటే రీఫిల్‌కీ, మంచి రీమాన్యుఫాక్చర్డ్‌కీ తేడా వెయ్యి పేజీలకు 4 మాత్రమే. చెడిపోయిన కాగితాల ఖర్చు, మళ్లీ ప్రింట్ తీయడానికి పట్టిన సమయం, నల్లబడిన చేతులు నేను కలపలేదు. ఈ అంకెలు నా ఊహలు, పద్ధతి మాత్రం ఊహ కాదు. మీ బిల్లులు పెట్టి మీరే వేసుకోండమ్మా.

ఒక హెచ్చరిక. ఆ 2000 అన్న అంకె ఐఎస్ఓ/ఐఈసీ 19752 లాంటి ప్రమాణాల ప్రకారం తేల్చేది. ఒక మూస పేజీని వరసగా కొట్టించి లెక్కపెడతారు. అందులో నల్లరంగు పడేది పేజీ మొత్తంలో దాదాపు 5 శాతం మేర. మీది ఆడిట్ ఆఫీసు కదా, పట్టికలు, గడులు, పైన పెద్ద లెటర్‌హెడ్ ఉంటాయి. ఒరిజినల్ వేసినా 2000 రాకపోవచ్చు. ముందు ఒరిజినల్‌కి మీకు ఎన్ని వస్తున్నాయో తెలియకపోతే, రీమాన్యుఫాక్చర్డ్ తక్కువ ఇచ్చిందని ఎలా అంటారు?

#7 కాగితాల_కట్ట | సోమవారం, రాత్రి 9.20

మాస్టారూ, నిజం చెప్పాలంటే ఎన్ని వస్తున్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అయిపోతే కొనడం, అంతే. ఎలా లెక్కపెట్టాలి?

#8 డ్రమ్మన్న | సోమవారం, రాత్రి 9.48

కొత్త కాట్రిడ్జ్ వేసిన రోజే ప్రింటర్ నుంచి కాన్ఫిగరేషన్ పేజీ తీయండి మేడం. చాలా లేజర్లలో మొత్తం ఎన్ని పేజీలు కొట్టిందో దాని మీద ఉంటుంది. తేదీ, ఆ అంకె కాట్రిడ్జ్ మీదే ఓ స్టిక్కర్ మీద రాసి అంటించండి. తీసేసే రోజు మళ్లీ చూడండి. పుస్తకంలో రాస్తే పుస్తకం పోతుంది, కాట్రిడ్జ్ మీద రాస్తే పోదు.

అడగడం మర్చిపోయాను, మీరు ఖాళీ ఒరిజినల్స్ ఏం చేస్తున్నారు?

#9 కాగితాల_కట్ట | సోమవారం, రాత్రి 9.55

పారేస్తాం. ఏం?

#10 డ్రమ్మన్న | సోమవారం, రాత్రి 9.57

అయ్యో.

#11 కొత్తగా_చేరా | మంగళవారం, ఉదయం 8.10

అన్నా, నా ప్రశ్న కూడా ఇక్కడే అడిగేస్తాను. మాది బ్రదర్ లేజర్. అందులో టోనర్ వేరే, డ్రమ్ వేరే అంటున్నారు. మరి నాకు ఈ డ్రమ్ మార్చే గొడవ లేదా?

#12 డ్రమ్మన్న | మంగళవారం, ఉదయం 9.30

టోనర్ మార్చినప్పుడల్లా లేదు తమ్ముడూ. ఆ రకంలో డ్రమ్ యూనిట్ విడిగా ఉంటుంది. చిన్న మోడళ్లలో 12,000 పేజీల దాకా వస్తుందని కంపెనీ చెప్తుంది. టోనర్ డబ్బాలో డ్రమ్ లేదు కాబట్టి దాన్ని తిరిగి తయారు చేయడం తేలిక, ధర కూడా తక్కువే ఉండాలి. కాకపోతే మచ్చలొస్తే టోనర్‌ని తిట్టేముందు డ్రమ్ వయసెంతో చూసుకో. నా దగ్గరకి వచ్చే "టోనర్ బాగాలేదు" కేసుల్లో చాలావరకు ముసలి డ్రమ్ములే.

#13 [పోస్ట్ తీసేశాం] | మంగళవారం, ఉదయం 10.02

అమ్మకం ప్రకటనలు ఇక్కడ వద్దు. మళ్లీ పెడితే ఖాతా ఆపేస్తాం. (మోడరేటర్)

#14 సిరాచుక్క | మంగళవారం, ఉదయం 11.15

అందరూ లేజర్ మీదే పడ్డారు, పాపం ఇంక్‌జెట్‌ని ఎవరూ పట్టించుకోలేదు. ఫొటోలు ప్రింట్ చేయడం నా వ్యాపకం కాబట్టి దాని సంగతి నేను చెప్తాను అక్కా.

ముందు మీ ఇంక్ కాట్రిడ్జ్ తీసి అడుగు భాగం చూడండి. అక్కడ రాగి రంగు చుక్కల వరసలు, సన్నటి లోహపు పలక ఉంటే ప్రింట్ హెడ్, అంటే ఇంక్ చిమ్మే భాగం, కాట్రిడ్జ్‌కే ఉన్నట్టు. అవేమీ లేకుండా ఇంక్ దిగే రంధ్రం ఒక్కటే ఉంటే హెడ్ ప్రింటర్లో ఉన్నట్టు. ఏం కొనాలన్నది దీని మీదే ఆధారపడుతుంది.

హెడ్ కాట్రిడ్జ్‌కే ఉంటే, రీమాన్యుఫాక్చర్డ్ వేసి అది బాగాలేకపోయినా పోయేది ఆ కాట్రిడ్జ్ ఒక్కటే. తీసి పారేస్తే సరి. హెడ్ ప్రింటర్లో ఉంటే, నాసిరకం ఇంక్ వెళ్లి ఆ హెడ్‌లోనే గడ్డకడుతుంది. కాట్రిడ్జ్ మార్చినా లాభం ఉండదు. చాలాసార్లు కొత్త హెడ్ ధరకి ఇంకాస్త కలిపితే కొత్త ప్రింటరే వస్తుంది. ఎప్సన్, బ్రదర్ ఇంక్‌జెట్లు ఈ రెండో రకం. అందుకే లేజర్‌కైతే రీమాన్యుఫాక్చర్డ్ వేసుకోండని ధైర్యంగా చెప్తాను, వీటికి చెప్పను.

ఇంకో మెలిక. హెడ్ ఉన్న కాట్రిడ్జ్‌లు ఎక్కువగా వేడితో పనిచేస్తాయి. చిన్న రెసిస్టర్ ఒక్క క్షణంలో వందో వంతు కూడా పట్టకుండా 300 డిగ్రీల దాకా వేడెక్కి, ఇంక్‌లో బుడగ పుట్టించి చుక్కని బయటికి తోస్తుంది. ఇంక్ లేకుండా కొట్టిస్తే ఆ రెసిస్టర్ కాలిపోతుంది. రంగు వెలిసిపోతున్నా "ఇంకో పది పేజీలు లాగుదాం" అని పీకిన కాట్రిడ్జ్‌ని ఎంత గొప్ప పనివాడైనా బతికించలేడు. ఖాళీ అయ్యాక డ్రాయర్లో ఆర్నెల్లు పడేసినదీ అంతే, లోపలి స్పాంజి ఎండిపోతుంది.

అయితే నెలకు 20 పేజీలంటున్నారు కదా, మీ సమస్య కాట్రిడ్జ్ ధర కానే కాదు. వాడకపోతే నాజిల్స్ (హెడ్‌లో ఇంక్ చిమ్మే సన్నటి రంధ్రాలు) ఎండుతాయి. ప్రింటర్ వాటిని శుభ్రం చేసుకోడానికి ఇంక్‌నే పీల్చి లోపలున్న దూదిలోకి వదులుతుంది. మీరు కొన్న ఇంక్‌లో సగం కాగితం మొహం కూడా చూసి ఉండదు. చౌక ఇంక్ పోసినా ఆ దూదిలోకే పోతుంది. వారానికి ఒక చిన్న కలర్ పేజీ కొట్టండి. ఆపేటప్పుడు గోడ స్విచ్ కాకుండా ప్రింటర్ మీద బటన్ నొక్కి ఆపండి, అప్పుడే హెడ్ వెళ్లి మూత కింద కూర్చుంటుంది. అదీ కుదరకపోతే ఆ 20 పేజీలు బయట కొట్టించుకోవడమే నయం.

#15 కొత్తగా_చేరా | మంగళవారం, ఉదయం 11.40

గోడ స్విచ్!! నేను రోజూ చేసేది అదే 🤦

#16 లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12.15

సిరాచుక్క చెప్పిన దానికి నా అనుభవం ఒకటి. నల్ల పిగ్మెంట్ ఇంక్ (సన్నటి రంగు పొడి కలిపినది) ఉండాల్సిన కాట్రిడ్జ్‌లో నాకు ఒకాయన డై ఇంక్ (రంగు కరిగి ఉన్నది) పోసిచ్చాడు. చూపుకి తేడా లేదు. ఒక కవరు మీద చిరునామా కొట్టి, తడి చేత్తో పట్టుకున్నాను. అక్షరాలన్నీ కలిసి నల్లటి చెరువైపోయాయి. నీళ్లు తగిలే కాగితాలైతే ఏ ఇంక్ పోశారో అడిగి తీసుకోండి.

#17 సిరాచుక్క | మంగళవారం, మధ్యాహ్నం 12.31

అవును మాస్టారూ. కొన్ని డై, పిగ్మెంట్ ఇంక్‌లు ఒకదాంట్లో ఒకటి కలిస్తే చిక్కబడి నాజిల్ మూసేస్తాయి కూడా. ఫొటోలైతే నేను ఒరిజినల్ ఇంకే వాడతాను. గోడకి తగిలించే బొమ్మ ఏడాదికే వెలిసిపోతే మిగిల్చిన డబ్బు గుర్తురాదు, బొమ్మే గుర్తొస్తుంది.

#18 ఒరిజినల్_ఒక్కటే | మంగళవారం, సాయంత్రం 5.20

సరే, మంచి పనివాడు దొరికాడనుకుందాం. వారంటీ సంగతేంటి? వేరే కాట్రిడ్జ్ కనబడగానే "మా బాధ్యత లేదు" అంటే? ఇంకోటి, అసలు ఇలా వేరే కంపెనీ కాట్రిడ్జ్‌ని బాగుచేసి అమ్మడం చట్టప్రకారం సరైనదేనా?

#19 చిప్‌వేట | మంగళవారం, రాత్రి 8.45

ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నా.

అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ ఇదే విషయం మీద ఇంప్రెషన్ ప్రొడక్ట్స్ అనే రీమాన్యుఫాక్చరర్‌తో సుప్రీంకోర్టు దాకా పోట్లాడింది. 2017 మే 30న తీర్పు వచ్చింది. వస్తువుని ఒకసారి అమ్మేశాక దాని మీద పేటెంట్ హక్కు అక్కడితో అయిపోతుందని, "ఒక్కసారే వాడాలి" అని షరతు పెట్టి అమ్మినా, విదేశంలో అమ్మినా అంతేనని కోర్టు చెప్పింది. అది ఆ దేశపు తీర్పు, ప్రతి దేశానికీ దాని చట్టం దానిది. ఖాళీ డబ్బాని బాగుచేయడం వేరు, పేటెంట్ ఉన్న భాగాన్ని కొత్తగా నకలు కొట్టడం వేరు. అందుకే నకళ్ల మీద ఉన్నన్ని కేసుల భయం రీమాన్యుఫాక్చర్డ్‌కి ఉండదు.

వారంటీకి కూడా అక్కడ 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. మా కాట్రిడ్జే వాడితేనే వారంటీ అని మామూలుగా షరతు పెట్టకూడదు. అలాగని కారిన పొడి వల్ల గేర్లు పాడైతే ఉచితంగా బాగుచేయమని అర్థం కాదు, పాడైంది దానివల్లే అయితే ఖర్చు మీదే. మీ వారంటీ కార్డులో "ఇతర కాట్రిడ్జ్‌ల వల్ల జరిగిన నష్టం" అన్న వాక్యం ఎలా రాశారో చదువుకోండి.

అసలు గొడవ చట్టంతో కాదు, చిప్‌తో, అంటే ప్రింటర్ గుర్తుపట్టడానికి కాట్రిడ్జ్‌కి పెట్టే చిన్న ఎలక్ట్రానిక్ ముక్కతో. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఇంక్‌జెట్లు చాలా వాటిలో ఒక్కసారిగా వేరే చిప్ ఉన్న కాట్రిడ్జ్‌లు పనిచేయడం మానేశాయి. అంతకుముందే ప్రింటర్లోకి చేరిన ఫర్మ్‌వేర్‌లో (ప్రింటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌లో) ఆ తాళం ఉంది. గొడవ పెద్దదయ్యాక ఆ మోడళ్లకి తాళం తీసే ఫర్మ్‌వేర్‌ని కంపెనీయే ఇచ్చింది. డైనమిక్ సెక్యూరిటీ అన్న ఆ పద్ధతి మాత్రం పోలేదు, పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఇప్పటికీ ఉంటుంది. కాబట్టి బయటి కాట్రిడ్జ్ వేసేవాళ్లు ప్రింటర్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి. ఇప్పుడు పనిచేస్తున్నది రేపు అప్‌డేట్ తర్వాత కూడా పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. నెట్‌కి కలిపి ఉన్న ప్రింటర్‌లో అప్‌డేట్ ఆపితే భద్రతా లోపాల సవరణలు కూడా ఆగిపోతాయి, అది కూడా తెలుసుకునే చేయండి.

చిప్ గొప్పతనం గురించి ఇంకో కథ. 2022 మొదట్లో ప్రపంచమంతా చిప్‌ల కొరత వచ్చింది కదా, అప్పుడు కేనన్ కంపెనీయే కొన్ని పెద్ద మిషన్లకి చిప్ లేని ఒరిజినల్ టోనర్లు పంపింది. ప్రింటర్ హెచ్చరిక చూపిస్తే ఎలా దాటేయాలో వాళ్లే రాసిచ్చారు. ప్రింట్ నాణ్యతకి చిప్ లేకపోయినా తేడా ఏమీ ఉండదని కూడా అన్నారు. అది చదివిన రోజు నేను పడి పడి నవ్వాను.

మీ 12ఏకి చిప్పే లేదు. ఈ తలనొప్పులేవీ మీకు లేవు. పాత ప్రింటర్‌ని కాపాడుకోండి.

#20 కొత్తగా_చేరా | మంగళవారం, రాత్రి 9.05

"టోనర్ లో" (టోనర్ తక్కువుంది) అని వస్తే వెంటనే మార్చాలా?

#21 డ్రమ్మన్న | మంగళవారం, రాత్రి 9.30

అక్కర్లేదు. చాలా ప్రింటర్లలో అది అంచనా మాత్రమే. ప్రింట్ మసకబారే దాకా వాడు. మసకబారాక తీసి, అడ్డంగా పట్టుకుని ఎడమకీ కుడికీ ఐదారుసార్లు మెల్లగా ఊపి పెట్టు. ఇంకొన్ని పేజీలొస్తాయి. డ్రమ్‌ని వేలితో తాకకు, ఎండలో పెట్టకు. ఇంక్ కాట్రిడ్జ్‌కి మాత్రం ఈ సలహా పనికిరాదు, సిరాచుక్క చెప్పింది చూశావుగా.

మేడం, కొనేముందు అమ్మేవాడిని అడగాల్సినవి మూడే. డ్రమ్, బ్లేడ్ మార్చావా? మీ టెస్ట్ పేజీ చూపించు. పని చేయకపోతే మార్చిస్తావా? మొదటిదానికే నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. జర్మనీలో డిన్ 33870 అని రీమాన్యుఫాక్చర్డ్ టోనర్లకి ప్రమాణం ఉంది. ఉత్తర ఐరోపా దేశాల్లో నార్డిక్ స్వాన్ గుర్తు ఇస్తారు. పెట్టె మీద అలాంటివి కనిపిస్తే మంచిదే. లేకపోయినా ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. ప్రింట్ రాగానే బొటనవేలితో నల్లటి చోట గట్టిగా రుద్దండి. పొడి అంటుకుందంటే ఆ పౌడర్ మీ ఫ్యూజర్ వేడికి సరిపడేది కాదని అనుమానించండి.

#22 కాగితాల_కట్ట | పది రోజుల తర్వాత, ఉదయం 11.10

మళ్లీ వచ్చాను. మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ ముగ్గురిని అడిగాను. ఒకాయన "డ్రమ్ ఎందుకమ్మా, పౌడర్ మంచిదైతే చాలు" అన్నాడు. లేచి వచ్చేశాను. ఇంకొకాయన పాత డ్రమ్‌లు పడేసిన డబ్బా చూపించాడు. ఆయన దగ్గర రెండు తీసుకున్నాను, ధర ఒరిజినల్‌లో సగం కంటే కొంచెం తక్కువ పడింది.

మొదటిది వేశాను. అక్షరాలు బాగున్నాయి, బొటనవేలి పరీక్ష కూడా పాసైంది. కానీ ప్రతి పేజీ మీదా కుడివైపు ఆవగింజంత నల్ల చుక్క వస్తోంది. ఒకటి కాదు, ఒకే వరుసలో పై నుంచి కిందికి మూడు. నాలుగు రోజులుగా బ్యాలెన్స్ షీట్లన్నీ దిష్టిచుక్క పెట్టుకున్నట్టు వెళ్తున్నాయి.

#23 ఒరిజినల్_ఒక్కటే | పది రోజుల తర్వాత, ఉదయం 11.18

నేను ముందే చెప్పాను. చెప్పానా లేదా?

#24 డ్రమ్మన్న | పది రోజుల తర్వాత, మధ్యాహ్నం 12.40

ఆగన్నా. మేడం, స్కేలు పెట్టి చుక్కకీ చుక్కకీ మధ్య దూరం కొలవండి.

#25 కాగితాల_కట్ట | పది రోజుల తర్వాత, మధ్యాహ్నం 12.52

ఏడున్నర సెంటీమీటర్లు. మూడు చోట్లా కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేదు.

#26 డ్రమ్మన్న | పది రోజుల తర్వాత, మధ్యాహ్నం 1.05

అయితే డ్రమ్. చిన్న లేజర్లలో డ్రమ్ వ్యాసం సాధారణంగా 24 మిల్లీమీటర్లు. దాని చుట్టుకొలత 75 మిల్లీమీటర్ల పైచిలుకు. డ్రమ్ ఒంటి మీద ఒక్కచోట దెబ్బ ఉంటే అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా, అంటే ఏడున్నర సెంటీమీటర్లకోసారి కాగితం మీద పడుతుంది. పేజీ పొడవు 29.7 సెంటీమీటర్లు కాబట్టి పేజీకి మూడో నాలుగో. అంతకన్నా దగ్గరగా, దాదాపు సగం దూరంలో వస్తే పీసీఆర్‌ని అనుమానించేవాడిని.

మీ ప్రింటర్‌కి ఏమీ కాలేదు. ఆ కాట్రిడ్జ్, ఆ పేజీ, మీ స్కేలు తీసుకుని వెళ్లి మార్చమనండి.

#27 కాగితాల_కట్ట | పది రోజుల తర్వాత, సాయంత్రం 6.30

మార్చిచ్చాడు! మొదట "కాగితం బాగాలేదేమో" అన్నాడు. చుక్కల మధ్య స్కేలు పెట్టి "75, డ్రమ్ చుట్టుకొలత కదా" అన్నాను. నా మొహం ఒకసారి చూసి లోపలికెళ్లి వేరేది తెచ్చాడు. టెస్ట్ పేజీ నా ముందే తీశాడు, చుక్క లేదు. తీసిన డ్రమ్‌ని లైట్ కింద పెట్టి చూపించాడు. నీలం రంగు డ్రమ్ మీద సూదితో గుచ్చినట్టు ఒక్కటే మచ్చ. ఇంత చిన్నదా అనిపించింది.

ఈ రోజు కౌంటర్ అంకె స్టిక్కర్ మీద రాసి అంటించాను మాస్టారూ.

#28 లెక్కల_మాస్టారు | పది రోజుల తర్వాత, రాత్రి 7.15

శభాష్. తీసేటప్పుడు అంకె ఇక్కడ పెట్టు తల్లీ, ఎదురుచూస్తుంటాను.

#29 కాగితాల_కట్ట | ఆరు వారాల తర్వాత, ఉదయం 10.30

మాస్టారూ, ఇదిగో అంకె. 1,740 పేజీలకి ఎడమవైపు మసకబారింది. డ్రమ్మన్న చెప్పినట్టు ఊపి పెడితే ఇంకో 65 వచ్చాయి. మొత్తం 1,805. చెడిపోయినవి 12, అందులో నాలుగు నేను కాగితం తిరగేసి పెట్టడం వల్ల.

పోల్చుకోడానికి ఇప్పుడు బీరువాలో మిగిలిన ఒక ఒరిజినల్ వేశాను. దాని అంకె కూడా పెడతాను. ఇంక్‌జెట్‌కి ప్రతి శుక్రవారం ఒక కలర్ పేజీ కొడుతున్నాం, ఈ ఆరు వారాల్లో ఇంక్ గోల లేదు. రిటర్నులు దాఖలు చేసే చివరి వారంలో మాత్రం లేజర్‌లో ఒరిజినలే ఉంచాలని సార్‌తో ఒప్పందం. అందులో ఒరిజినల్_ఒక్కటే గారి మాటే నెగ్గింది.

#30 ఒరిజినల్_ఒక్కటే | ఆరు వారాల తర్వాత, ఉదయం 10.44

హమ్మయ్య. సగమైనా నెగ్గాను. నిజం చెప్పొద్దూ, నేనూ ఒకటి కొని చూద్దామనుకుంటున్నా. టేప్ లేనిది.

#31 లెక్కల_మాస్టారు | ఆరు వారాల తర్వాత, ఉదయం 11.20

1805లో 12 తీసేస్తే 1793. నేను 1900 అనుకున్నాను, తక్కువే వచ్చింది. నా లెక్కలో 45 పెట్టి చూస్తే వెయ్యికి 25.1. ఒరిజినల్‌కి మీ ఆఫీసులో 2000 వస్తే 50, కాబట్టి సగమే. మీ పట్టికల వల్ల అది కూడా 1900 దగ్గర ఆగితే 52.6, అప్పుడు సగం కంటే తక్కువ. ఒరిజినల్ అంకె వచ్చాకే తీర్పు.

#32 డ్రమ్మన్న | ఆరు వారాల తర్వాత, మధ్యాహ్నం 1.15

మంచి అంకే మేడం. ఖాళీలు ఇప్పుడైనా దాస్తున్నారా? ఒక్కసారే వాడిన ఒరిజినల్ డబ్బా అంటే మాకు ప్రాణం. నాలుగైదుసార్లు విప్పిన డబ్బాకి పిన్నులు, సీళ్లు వదులైపోయుంటాయి.

#33 కాగితాల_కట్ట | ఆరు వారాల తర్వాత, మధ్యాహ్నం 3.05

అదే చెప్పబోతున్నా. పారేస్తాం అన్నాను కదా, మా అటెండర్ పారేయలేదు! మెట్ల కింద గదిలో పాత ఫైళ్ల వెనక పెట్టెలతో సహా పేర్చి పెట్టాడు. పదకొండు ఉన్నాయి. ఎందుకు దాచావంటే "గట్టి అట్టపెట్టెలు మేడం, పారేయబుద్ధి కాలేదు" అన్నాడు. కాట్రిడ్జ్‌ల ఆయనకి ఫోన్ చేస్తే పదకొండూ తీసుకుని, తర్వాతి రెండు కాట్రిడ్జ్‌ల మీద తగ్గిస్తానన్నాడు.

అటెండర్ ఒకటే షరతు పెట్టాడు, అట్టపెట్టెలు మాత్రం ఇవ్వడట.